‘కోబ్రా కై’: దీర్ఘ దృశ్యకథయందు బీజ నిర్వాహము

దీర్ఘకథను చెప్పుటయు వినుటయు తెలుగువారికి క్రొత్తవి కావు. మధిర సుబ్బన్న దీక్షితులుగారి కాశీమజిలీ కథలు పండ్రెండు భాగములుగా వెలసినవి. మణిసిద్ధుడు కాశికి పోవుచు మజిలీ మజిలీకి ఒక కథ చెప్పును, గోపబాలకుడు వినును. కథలో కథ పుట్టును, దానిలో మరియొకటి పుట్టును. అయినను పాఠకునకు విసుగు కలుగదు. పోవలసిన ఊరు కాశి యని చెప్పువానికిని తెలియును, వినువానికిని తెలియును. కావున నిడివి తనంతట తాను దోషము కాదు.

ఈ మాటను మొదటనే చెప్పుటకు కారణము కలదు. 2018 లో మొదలై 2025 లో ముగిసిన ఒక దృశ్య ధారావాహికను గూర్చి ‘సాగదీసినారు’ అను ఒక్క మాటతో తీర్పు చెప్పి ఊరకుండుట సులభము. మాకు ఆ తీర్పు చాలినదిగా తోచలేదు. సాగుట వేరు, దారి తప్పుట వేరు. ఈ ధారావాహిక దారి తప్పినదన్న మాట నిజమే. ఎచ్చట తప్పినది, ఏల తప్పినది, తుదకు మరల దారికి వచ్చినదా అను మూడు ప్రశ్నలను ఈ వ్యాసమున విచారింతుము.

ఆ ధారావాహిక పేరు ‘కోబ్రా కై’. అమెరికా దేశమున లాస్ ఏంజలెస్ నగరప్రాంతమందలి శాన్ ఫెర్నాండో లోయ దీని కథాస్థలము. కరాటే విద్య దీని వస్తువు. తెలుగు పరిశోధన సంచికలో దీనికి తావేల యని కొందరడుగవచ్చును. మన ఆలంకారికులు ప్రబంధమున రసము నిలుచుటకును చెడుటకును కారణములు చెప్పినపుడు వానిని ఒక్క భాషకు కట్టివేయలేదు. ఆ సూత్రములు నేటి దృశ్యకథకు ఎంతవరకు పనికివచ్చునో చూచుట మా ఉద్దేశము. ఈ కథను ఇక్కడివారు పెక్కుమంది యింటనే కూర్చుండి చూచిరి గనుక దీనిని గూర్చి మాటాడుట దూరపు ముచ్చటయు కాదు. ఇందు ‘సీజను’ అనబడుదానిని ఖండమనియు, ‘ఎపిసోడు’ అనబడుదానిని భాగమనియు వ్యవహరింతుము.

పూర్వకథయు రచనాక్రమమును

1984 లో ‘ది కరాటే కిడ్’ అను చలనచిత్రము వెలువడెను. జాన్ అవిల్డ్‌సన్ దర్శకుడు, రాబర్ట్ మార్క్ కేమెన్ రచయిత. తల్లితో కూడ క్రొత్త ఊరికి వచ్చిన డేనియల్ లరూసో అను బాలుడు తోడి విద్యార్థులచే దెబ్బలు తినును. కొట్టినవారిలో ముఖ్యుడు జానీ లారెన్స్; అతని గురువు జాన్ క్రీస్, అతని శిక్షణశాల కోబ్రా కై. డేనియల్ నివసించు భవనమున మరమ్మతులు చేయు మియాగీ అను ఒకినావా వృద్ధుడు అతనికి కరాటే నేర్పును. తుదిపోటీలో డేనియల్ ఒంటికాలిపై నిలిచి జానీ ముఖమున తన్ని గెలుచును. అంతటితో కథ ముగియును. 1986 లోను, 1989 లోను డేనియల్ కథకు మరి రెండు చిత్రములు వచ్చినవి. మియాగీ పాత్రధారి పాట్ మొరీటా 2005 లో మరణించెను.

ముప్పది నాలుగేండ్లకు, 2018 మే నెలలో, జోష్ హీల్డ్, జాన్ హర్విట్జ్, హేడెన్ ష్లాస్‌బర్గ్ అను మువ్వురు ఈ కథను ధారావాహికగా ఎత్తుకొనిరి. రాల్ఫ్ మాకియో, విలియం జాబ్కా తమ పూర్వపాత్రలనే మరల ధరించిరి. మొదటి రెండు ఖండములు యూట్యూబ్‌వారి చందాసేవలో వచ్చినవి. 2020 లో ధారావాహిక నెట్‌ఫ్లిక్స్‌కు మారినది. మూడవ ఖండము 2021 జనవరి 1 న, నాలుగవది ఆ సంవత్సరాంతమున, ఐదవది 2022 సెప్టెంబరున వెలువడినవి. ఆరవది పదునైదు భాగములు. దానిని మూడు విడతలుగా 2024 జూలై మొదలు 2025 ఫిబ్రవరి వరకు విడుదల చేసిరి. మొదటి ఐదు ఖండములకు పదేసి భాగములు. వెరసి అరువది ఐదు.

బీజము

దశరూపకకారుడు అర్థప్రకృతులలో మొదటిదానిని బీజమనెను. అది మొదట స్వల్పముగా నిక్షేపింపబడి, పోనుపోను పలు విధముల విస్తరిల్లి ఫలమునకు హేతువగును. కోబ్రా కై యందలి బీజమేది? కరాటే కాదు. పాత వైరమును కాదు. ఓడినవాని వైపునుండి అదే కథను మరల చూచుటయే ఆ బీజము.

1984 నాటి చిత్రమున జానీ ప్రతినాయకుడు. ఓడిన పిమ్మట వాడేమైనాడని ఆ చిత్రము నడుగుటకు వీలులేదు. ధారావాహిక ఆ ప్రశ్నతోనే మొదలగును. జానీకి ఏబదియేండ్ల ప్రాయము సమీపించినది. రెసీడా యందొక సామాన్యపు వాటాలో ఒంటరిగా నుండి, చిల్లర పనులు చేసికొనుచు, త్రాగుచు కాలము గడుపుచుండును. కన్నకొడుకు రాబీకి ఇతడు పరాయివాడు. డేనియల్ కార్ల వ్యాపారమున గడించి, పెద్ద యింట కాపురముండును. అతని బొమ్మ వీథుల ప్రకటన ఫలకములపై నవ్వుచుండును. ఆ బొమ్మ ఎదుట జానీ నిలిచిన దృశ్యములు ఈ రచన శక్తిని తెలుపును. ఎవరును ఎవరినీ కొట్టకయే ముప్పది నాలుగేండ్ల నాటి తన్ను ఇంకను తగులుచునే యున్నదని ప్రేక్షకునకు తెలియును.

పొరుగింటి బాలుడు మిగెల్ డియాజ్‌ను కొందరు కొట్టుచుండగా జానీ అడ్డుపడును. ఆ బాలునికి విద్య నేర్పుటకై కోబ్రా కైని మరల తెరచును. ఇటు డేనియల్ ఆ పేరు వినగానే కలత చెంది, జానీ శిక్షణశాల గల అంగళ్ల వరుసకు అద్దె పెరుగునట్లు చేయును. తండ్రిపై కసితో రాబీ పోయి డేనియల్ యొద్ద పనికి చేరి, క్రమముగా అతని శిష్యుడగును. ఇట్లు ఒకని కొడుకు రెండవవాని శిష్యుడు. దిక్కులేని బాలుడు మొదటివానికి కొడుకువంటివాడు. ఈ వినిమయమున కృత్రిమత లేకపోలేదు. కాని ఇందుండి పుట్టిన ధర్మసంకటము నిజమైనది. నాయకుడు అన్యాయము చేయగలడు. ప్రతినాయకుడు బిడ్డను కాపాడగలడు. ప్రేక్షకుడు ఏ పక్షమున నిలువవలెనో తెలియక రెండు పక్షముల నిలుచును.

మొదటి ఖండపు ముగింపును మేము ఈ ధారావాహికకంతకు కొలబద్దగా గ్రహించుచున్నాము. తుదిపోటీలో మిగెల్, రాబీలు తలపడుదురు. రాబీ భుజమునకు అంతకుముందే గాయమైనది. మిగెల్ ఆ గాయమునే గురిచూచి కొట్టి గెలుచును. శిష్యుడు గెలిచినాడు, గురువునకు మాత్రము సంతోషము లేదు. ఏలయన 1984 లో క్రీస్ తనచే చేయింపబూనిన పనిని, గాయపడిన కాలిపై కొట్టుటను, నేడు తన శిష్యుడు తానుగా చేసినాడు. అది తాను నేర్పిన పాఠమే. దెబ్బ తిన్నవాడు తన కన్నకొడుకు. ఒక్క దెబ్బలో మూడు తరముల పాపము కానవచ్చును. దెబ్బకు బరువుండుట యనగా ఇదియే. ఈ మాటను మేము మరల మరల వాడుదుము గనుక దాని యర్థమును ఇచ్చటనే చెప్పుచున్నాము: కొట్టినవాని మనస్సును, తిన్నవాని జీవితమును, నేర్పినవాని బాధ్యతను ఒక్కసారి కదల్చిన దెబ్బకు బరువున్నది. ఈ మూటిలో ఏదియు కదలనిచో అది కేవలము వ్యాయామము.

పరాకాష్ఠ

రెండవ ఖండాంతమున పాఠశాలలో పెద్ద కొట్లాట జరుగును. దాని చిత్రీకరణ నైపుణ్యమును పలువురు మెచ్చిరి, మేమును మెచ్చుచున్నాము. కాని దాని గొప్పతనము వేరొకచోటనున్నది. మొదటి ఖండమున జరిగినదానికి పశ్చాత్తాపపడిన జానీ, ఆ తరువాత మిగెల్‌కు దయ నేర్ప యత్నించినాడు. కొట్లాటలో రాబీని అదుపులో పట్టిన మిగెల్ గురువు మాట తలచి వదలివేయును. అంతలో రాబీ కోపమున తన్నగా మిగెల్ మేడమీది కంచె దాటి క్రిందనున్న మెట్లమీద పడును. కూడియున్నవారందరును నిశ్చేష్టులగుదురు.

దయ నేర్పని గురువు శిష్యుడు గెలిచినాడు. దయ నేర్చినవాడు పడినాడు. ఇంతకంటె నిష్ఠురమైన ప్రశ్నను ఈ కథ మరి యెన్నడును అడుగలేదు. మన పల్నాటి కథ మాకిచ్చట స్ఫురించినది. పెద్దల పంతము కోడిపందెముగా మొదలై, బాలచంద్రునివంటి పిన్నల నెత్తుటితో కారెమపూడి కడ ముగిసినది. పెద్దలు ఆటగా నాడిన వైరమును పిన్నలు నిజమని నమ్ముదురు. మూల్యము వారే చెల్లింతురు. రెండు కథలకు సంబంధము కలదని మేమనుట లేదు. పోలిక ఇంతమాత్రమే. అయితే కారెమపూడి కయ్యమున కూలినవాడు మరునాటి ఘట్టమున లేచి వచ్చి కత్తి పట్టడు. ఆ ఒక్క నియమమే వీరగాథకు ప్రాణము.

దారి తప్పిన చోటు

మూడవ ఖండమున మిగెల్ స్పృహ తెలిసి, కాళ్లు కదలని స్థితిలో నుండును. జానీ తన మోటు వైద్యముతో అతనిని నడిపింపజూచును. ఆ దృశ్యములలో కొన్ని నవ్వు పుట్టించును, కొన్ని కంట తడి పెట్టించును. వానియందు మాకు ఆక్షేపము లేదు. ఆక్షేపము వ్యవధిని గూర్చినది. అదే ఖండము ముగియకముందే ఆ బాలుడు నడచుటయే కాదు, డేనియల్ ఇంట జరిగిన మరియొక కొట్లాటలో గాలికెగిరి తన్నుచుండును. ఇచ్చటనే ధారావాహిక దారి తప్పినదని మా నిశ్చయము.

బాలుడు బ్రతుకుట తప్పని మేమనుట లేదు. అతడు కోలుకొనవలెనని కోరనివాడెవడు? కాని మేడపైనుండి పడి నడుము చెడినవాడు కొలది భాగములలో మరల తన్నులాటకు సిద్ధమైనచో, ప్రేక్షకుడు ఒక విషయము నేర్చుకొనును: ఇకమీదట ఎవరికేమైనను దిగులుపడ బనిలేదు. ఆ నేర్చుకొన్న విషయమును తరువాతి మూడు ఖండములును మరపింపలేకపోయినవి. హాక్ అను మారుపేరు గల ఈలై తన ప్రాణమిత్రుడు డిమిట్రీ చేయి విరుగగొట్టును. ఖండాంతమున కొట్లాట నడుమ పక్షము మార్చును. మైత్రి మరల కుదురును. ఐదవ ఖండమున చోజెన్ వీపుపై కత్తివేటు తిని కొలనులో పడును. ఆరవ ఖండమునకు మునుపటివలెనే హాస్యమాడుచుండును. తగిలిన ప్రతి దెబ్బయు మాసిపోవునదే. తగులబోవు దెబ్బకు భయమెచ్చటిది?

ఆనందవర్ధనుడు ధ్వన్యాలోకము మూడవ ఉద్ద్యోతమున ప్రబంధములందు రసవిరోధమునకు కారణములను లెక్కించెను. వానిలో మూడు మాకిచ్చట ముఖ్యములు. సంబంధమున్నను ప్రధానము కాని వస్తువును అతిగా విస్తరించుట ఒకటి. తగని తావున రసమును తటాలున త్రెంచుట రెండవది. పరిపోషము పొందిన రసమునే పదేపదే రగుల్చుట మూడవది. వేయి యేండ్లకు పైబడిన ఈ పట్టిక కోబ్రా కై యొక్క ఉత్తరభాగమును చూచి వ్రాసినట్లున్నది.

రసమును తటాలున త్రెంచుటకు మిగెల్ స్వస్థతయే ఉదాహరణము. కరుణము పండవలసిన తావున దానిని కోసివేసి వీరమును నాటిరి. దీనికంటె ఘోరమైనది ఆరవ ఖండమున కలదు. బార్సిలోనా నగరమున జరుగు అంతర్జాతీయ పోటీలో పెద్ద కలహము రేగును. క్రీస్ తెచ్చిన కత్తి క్రింద పడగా, క్వాన్ అను విద్యార్థి దానిని అందుకొని, దానిపైననే పడి మరణించును. ధారావాహిక మొత్తమున పోటీస్థలమందు విద్యార్థి చనిపోయిన ఘట్టము ఇది యొక్కటే. పోటీ ఆగినది. మరుసటి విడతలో అదే పోటీ లోయకు తరలివచ్చి మరల సాగును! క్రీస్ మనస్సున ఆ మరణము ముల్లువలె నాటినదని చూపిన మాట నిజమే. తక్కిన లోకమునకు మాత్రము అది యొక అంతరాయము. ఒక బాలుని చావు పోటీపట్టికలోని వాయిదాగా పరిణమించుట ఔచిత్యభంగము. చావును తేదలచినచో దాని బరువు మోయవలెను, మోయలేనిచో తేకుండవలెను.

పరిపుష్టమైన రసమును మరల రగుల్చుట ప్రతినాయకుల రాకపోకలలో కానవచ్చును. మొదటి ఖండాంతమున క్రీస్ నీడలోనుండి వెలికి వచ్చుట ఉచితము. అతడు జానీ గాయమునకు మూలము. నాలుగవ ఖండమున 1989 నాటి చిత్రమునుండి టెరీ సిల్వర్‌ను పిలిచిరి. ఐదవ ఖండమున అదే చిత్రమందలి మైక్ బార్న్స్‌ను తెచ్చిరి. సిల్వర్ క్రీస్‌ను కారాగారమునకు పంపును, క్రీస్ తప్పించుకొని వచ్చును, సిల్వర్ పట్టుబడును, మరల వచ్చును. ప్రతి రాకతోను పాత వైరము క్రొత్తగా మండును. మండినకొలది వేడి తగ్గును. పలుమారు చేతులు మారిన పూవు వాడినట్లు ఈ క్రోధమును వాడినది.

దీనికి తోడైన మరియొక దోషము శత్రువులు మిత్రులగుటలోని సౌలభ్యము. చోజెన్, బార్న్స్, హాక్, టోరీ, రాబీ, తుదకు క్రీస్ కూడ, ఒకరి తరువాత నొకరు ఆవలి ఒడ్డునుండి ఈవలి ఒడ్డునకు వచ్చిరి. పశ్చాత్తాపమునకు మేము విముఖులము కాము. చోజెన్ మార్పు చక్కగా కుదిరినది. అతనికి ముప్పది యేండ్ల మౌనకాలము కలదు. టోరీ మార్పును అట్టిదే. నాలుగవ ఖండాంతమున గెలిచిన ఆ బాలిక, సిల్వర్ న్యాయనిర్ణేతకు లంచమిచ్చి తన గెలుపును కొన్నాడని కన్నులార చూచును. చేతనున్న బహుమానము నిజము కాదని తెలిసియు, దానిని వదలలేని ఆ పిల్ల ముఖము ఉత్తరభాగమందలి ఉత్తమచిత్రము. ఇట్టివి రెండు మూడుండిన చాలును. అందరును మారిన పిదప మారుట యనుదానికి అర్థము లేదు. ప్రతి సంవత్సరమును క్రొత్త శత్రువు కావలసివచ్చుటకు పాత శత్రువులందరును మిత్రులైపోవుటయే కారణము.

అప్రధాన వస్తువిస్తారమునకు మియాగీ పెట్టె నిదర్శనము. ఆరవ ఖండమున డేనియల్‌కు గురువు దాచియుంచిన పెట్టె యొకటి దొరకును. అందలి వస్తువులను చూచి గురువు గతమును శంకించును. 1984 నాటి చిత్రమున మియాగీకి గతము లేకపోలేదు. అతడు అమెరికా సైన్యమున చేరి ఐరోపాలో పోరాడుచుండగా, జపాను సంతతివారిని నిర్బంధించిన మాంజనార్ శిబిరమున అతని భార్యయు, పురిటిబిడ్డయు మరణించిరి. ఒక రాత్రి మద్యపు మైకమున ఆ వృద్ధుడు దానిని తలచుకొని విలపించును; డేనియల్ నిశ్శబ్దముగా అతనిని పడుకొనబెట్టును. మొరీటా స్వయముగా బాల్యమున అట్టి నిర్బంధ శిబిరమున గడిపినవాడు. ఆ ఒక్క రాత్రిలో నున్న బరువు, ఆరవ ఖండమందలి పెట్టెకును రహస్యమునకును లేదు. గతించిన నటుని రూపమును యంత్రసాధనమున మరల కల్పించి తెరపై నిలుపుట మాకు మరింత వెలితిగా తోచినది. మొదటి ఖండములలో మియాగీ కానరాకయే అంతటను ఉన్నాడు. కానవచ్చిన పిదప ఎచ్చటను లేకపోయెను.

పూర్వపక్షము

మా మాటకు రెండు ఆక్షేపములు రావచ్చును. ఈ కథ మొదటినుండియు కొంత హాస్యము, కొంత పరిహాసము కలిసినది. దీనియందు గాయముల లెక్క చూచుట రసికత కాదనునది మొదటిది. జానీ తన క్రొత్త శిక్షణశాలకు ‘ఈగిల్ ఫాంగ్’ అని పేరిడును. గ్రద్దకు కోరలెక్కడివని శిష్యులకు సందేహము వచ్చును! ఇట్టి లోకమున వైద్యశాస్త్రమును వెదకుట తగునా?

తగదు, మేమును వెదకలేదు. హాస్యకథకును తన నియమములు తనకుండును. ఆ నియమమును ఈ ధారావాహికయే తొలి రెండు ఖండములలో ఏర్పరచుకొన్నది. అందు జానీ వెఱ్ఱిమాటలకు మనము నవ్వుచునే యుందుము. రాబీ భుజమునకు తగిలినపుడు మాత్రము నవ్వము. హాస్యము నడకయందు, బరువు దెబ్బయందు. రెండును పొత్తు కుదిరి యుండినవి. తరువాతి ఖండములలో నవ్వు పెరిగినందులకు మా చింత లేదు. దెబ్బయు నవ్వులో కలిసిపోయినందులకే చింత.

రెండవ ఆక్షేపము బలమైనది. ఇట్టి ధారావాహిక ఒక కవి ఏకాంతమున వ్రాసికొన్న కావ్యము కాదు. మరుసటి ఖండమునకు అనుమతి లభించునో లేదో తెలియక ప్రతిసారియు కొంత ముగించి, కొంత మిగిల్చి వ్రాయవలసినది. కావున కవులను నిందించుట న్యాయము కాదనునది. ఇందు సత్యమున్నది. పది భాగములను ఒక్కమారుగా వదలి, ప్రేక్షకుడు ఒక్క కూర్పున చూచునట్లు చేయు పద్ధతిలో, ప్రతి భాగాంతమునను ఒక కొక్కెము కావలెను. గాయపడినవానిని ఒక ఖండమంతయు పరుండబెట్టుటకు ఆ పద్ధతి ఓర్వదు. నటులు పెద్దవారగుచుండిరి, ఏడేండ్లపాటు వారు పాఠశాల విద్యార్థులుగనే యుండవలసివచ్చెను. ఒక లోయలోని పోటీ చాలక, ప్రపంచపు పోటీ కావలసివచ్చెను. వీథిలోని శిక్షణశాల చాలక, ఊరూర కొమ్మలు వేయు సంస్థ కావలసివచ్చెను.

అయినను కారణము చెప్పుట వేరు, దోషమును మాన్పుట వేరు. రంగస్థలము పెరిగినకొలది పందెము పెరుగునని ఈ రచయితలు తలచిరి. మొదటి ఖండమున పందెమేమి? ఒక తండ్రి, ఒక కొడుకు, వారి నడుమ పొరుగింటి పిల్లవాడు. ఊరి వ్యాయామశాలలో జరిగిన ఆ పోటీకి ఎదుట బార్సిలోనా పోటీ చిన్నదిగనే యున్నది. ధనంజయుడు బిందువని చెప్పినది ఇచ్చట స్మరింపదగినది: అవాంతర కథచే ముఖ్యప్రయోజనము తెగిపోవునపుడు దానిని మరల అతికించునది బిందువు. నీటిపై నూనెబొట్టువలె అది కథయంతటను వ్యాపించి యుండవలెను. జానీ ఓటమియే ఈ కథకు బిందువు. నాలుగు, ఐదవ ఖండములలో జానీ పెక్కు ఘట్టముల పరిహాసకుడుగా మిగిలి, సిల్వర్ కుతంత్రములు ముందునకు వచ్చినవి. బొట్టు ఒక మూలకు చేరినది.

నిర్వహణము

తుదివిడతను చూచునప్పటికి మాకు పెద్ద ఆశ లేదు. అందుచేత అది మమ్ము ఆశ్చర్యపరచిన మాటను దాచుట తగదు. ఈ విడతలో రాబీ కాలికి ప్రత్యర్థి ఆక్సెల్ చేత తీవ్రమైన గాయమగును. అతడు ఇక పోరాడలేడు. చిరకాలముగా కోరిన విజయము అతనికి దక్కనే దక్కదు. ఒకనాడు మిగెల్‌ను పడదన్నినవాని స్థానమున మిగెల్ వచ్చి నిలుచును. ఏండ్లకొలది మాసిపోయిన దెబ్బల పిమ్మట మాయని దెబ్బ యొకటి తగిలినది. వెంటనే కథకు ఊపిరి వచ్చినది. మా వాదమునకు ఇంతకంటె సాక్ష్యము అక్కరలేదు.

అటుపై సమానమైన పోటీని తేల్చుటకు గురువులే తలపడవలసివచ్చును. సిల్వర్ పక్షమున వుల్ఫ్, కోబ్రా కై పక్షమున జానీ. 1984 లో ఏ లోయ చూచుచుండగా ఓడెనో, ఆ లోయ యెదుటనే జానీ నిలుచును. నాడు తన్నినవాడు నేడు అతని ప్రక్కన నిలిచి ధైర్యము చెప్పును. జానీ గెలుచును. దీనికి ముందే క్రీస్ వచ్చి శిష్యుని ముందు కన్నీరు పెట్టి క్షమాపణ వేడుకొన్నాడు. ఆ ఇరువురు వృద్ధ ప్రతినాయకులు, క్రీస్, సిల్వర్, నావపై మంటలలో అంతరించుట మాత్రము రచయితల తొందరపాటు. వారికేమి చేయవలెనో తోచక చేసినట్లున్నది. కాని గురుశిష్యుల ఆ సమావేశము, జానీ కడపటి పోటీ, ఈ రెండును మొదటి భాగమున నాటిన బీజమునుండి నేరుగా మొలచినవి. నడుమ ఎన్నో భాగములను తొలగించినను ఈ ముగింపు చెడదు. అది ముగింపునకు ప్రశంస. నడుమ భాగములకు తీర్పు.

కావున మా విచారముయొక్క ఫలము ఇది. ఈ ధారావాహిక నిడివి వలన చెడలేదు. మూడవ ఖండమున దెబ్బకు బరువు తీసివేయుటతో దారి తప్పినది. బరువు పోయిన కొరతను తీర్చుటకు శత్రువులను, పోటీలను, రహస్యములను పెంచుచు పోయినది. ఓడినవాని కథ యని మరల జ్ఞప్తికి తెచ్చుకొన్నపుడు దారికి వచ్చినది. పోరాటవిద్యను గూర్చిన ఏ కథకైనను ఈ పరీక్ష చెల్లునని మా విశ్వాసము.

చివరకొక్క మాట. కరాటే చూచుటకే ఈ కథను మొదలుపెట్టిన పిల్లలు మన యిండ్లలోను కలరు. తొలి రెండు ఖండములు వారికి చెప్పినది విలువైన మాట: కొట్టిన దెబ్బ కొట్టినచోట ఆగదు, నేర్పినవాని యింటివరకు పోవును. తరువాతి ఖండములు చెప్పినది వేరు: ఎంత కొట్టినను తెల్లవారుసరికి అంతయు సరిపోవును. రెండవ మాట అబద్ధమని ఆ పిల్లలకు తెలియును. తమ పాఠశాల ఆవరణమున ఒక్కమారైన దెబ్బ తిన్నవాడెవడును దానిని నమ్మడు. అట్టివాని కథను చెప్పుటకే జానీ లారెన్స్ ముప్పది నాలుగేండ్లకు మరల పిలువబడినాడు. అరువది ఐదు భాగములలో ఆ పిలుపు వినబడినవి ఒక ఇరువదియో ముప్పదియో యుండును. అవి చూడదగినవి. తక్కినవానిని మజిలీలుగా భావించి దాటిపోవచ్చును.